చిటికెన వేలి బరువు

గార్లదిన్నె బజారులో సెట్టి అంగడి లలితమ్మ తుపాకి పట్టిందన్న మాట ఒక్క పూటలో ఊరంతా తిరిగింది. ఈ సీమలో తుపాకి అన్న మాటను ఎవరూ తేలిగ్గా పలకరు కాబట్టి మొదట అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. అది గాలితో పేలే పిస్టల్ అనీ, దానికి లైసెన్సు కూడా అక్కర్లేదనీ, పది మీటర్ల అవతల అట్టముక్క మీద ఉన్న నల్ల గుండ్రం తప్ప దానికి వేరే శత్రువు లేదనీ తెలిశాక గొంతు పెంచి నవ్వుకున్నారు. యాభై ఆరేళ్ల మనిషి, పొద్దున లేస్తే మోకాళ్లకు నూనె రాసుకునే మనిషి, పిల్లకాయలతో పాటు వరసలో నిలబడి గురి చూస్తోందంటే నవ్వు రాక ఏమొస్తుంది. శనగపప్పు కొనడానికొచ్చిన బయమ్మ కొసరు అడగబోయి ఆగి, "వద్దులే సెట్టెమ్మా, కాల్చేస్తావేమో," అంది. లలితమ్మ కూడా నవ్వింది.

నవ్వింది గానీ, ఆమె పిస్టల్ పట్టుకున్నది ఉత్త సరదాకి కాదు. తన చేయి మీద తనకున్న గర్వం కొద్దీ పట్టుకుంది. ఆ గర్వం సంగతి ముందు చెప్పుకోవాలి.

ఇరవయ్యో ఏట కోడలిగా వచ్చినప్పటి నుంచి లలితమ్మ ఆ అంగట్లో చేతి తక్కెడ పట్టింది. అత్త కదిరమ్మ పక్కన నిలబడి నేర్పింది. పళ్లేలు వేలాడే అడ్డకాడ నడిమి తాడు ఎడమ చేత పట్టాలి, చేయి బారుగా చాపాలి, కుడి చేత్తో సరుకు పోయాలి, కళ్లు పళ్లేల మీద కాదు, నడిమి ముల్లు మీద ఉండాలి. ఇచ్చేది, పుచ్చుకునేది, దండం పెట్టేది అంతా కుడి చేయే అయినా, కోమటింట బరువు మోసేది ఎడమ చేయి. దాదాపు ఇరవై ఏళ్లు ఆమె పొద్దున ఆరు నుంచి రాత్రి దాకా ఆ చేయి చాపుకునే నిలబడింది. తర్వాత కరెంటు కాటా వచ్చింది. అంకెలు అవే పడసాగాయి. తక్కెడ అటక ఎక్కింది, ఆమె ఎడమ చేయికి పని లేకుండా పోయింది.

ఆ చేయి మీద ఒకే ఒక్కసారి మాట పడింది. అది రెండు వేల మూడు, వాన మొహం చూడని ఏడు. కూలి పని చేసుకునే రూతు అరకిలో కందిబేడలు కట్టించుకుంటూ, అంగడి ముందు పదిమంది ఉండగా, "నీ చిటికెన వేలు కాడ మీద పడతాండాది సెట్టెమ్మా, తూకం తగ్గుతాండాది," అంది. లలితమ్మకు ఒళ్లు మండిపోయింది. కోమట్లలో ఒక కట్టుబాటు ఉంది. తక్కెడ మీద చేయి వేసి ప్రమాణం చేశారంటే ఇక దాని మీద మాట లేదు. ఆమె రెండు పళ్లేలనూ గల్లా మీద పెట్టి, ఎడమ చేయి వాటి మీద ఆనించి, ఈ చేయి ఎన్నడూ మొగ్గలేదని ప్రమాణం చేసింది. ఆ కందిబేడల పొట్లాం పక్క అంగట్లో ఒకసారి తూయిద్దామని ఎవరూ అనలేదు. ప్రమాణం అయ్యాక మళ్లీ తూయించడమంటే ప్రమాణాన్ని అవమానించడమే. పెద్దమనుషులు రూతును కోప్పడ్డారు. రూతు చేతులు జోడించి, తప్పైందని చెప్పి, పొట్లాం తీసుకుని పోయింది. మళ్లీ ఆ అంగడి మెట్టెక్కలేదు. అప్పటి నుంచి ఊళ్లో ఎవరైనా అబద్ధం చెప్పారనిపిస్తే "రూతు తూకం" అనడం కొన్నాళ్లు వాడుకైంది.

లలితమ్మ నిజమని మనసారా నమ్మి ప్రమాణం చేసింది. అందుకే ఆ చేయి ఆమెకు చేయి మాత్రమే కాదు, పదిమందిలో గెలిచిన పేరు.

ఇప్పుడు పిస్టల్ దగ్గరికి వద్దాం. బజారు వెనక వాళ్లకు శనక్కాయల గోడౌను ఒకటి ఉంది. ఒకప్పుడు మూటలు కప్పును తాకేవి. వానలు మొహం చాటేసి, రైతులు చీనీ బత్తాయి తోటలకు తిరిగాక ఆ గోడౌను ఎలకల పాలైంది. సైన్యంలో పదిహేనేళ్లు చేసి వచ్చిన భరత్‌కుమార్ దాన్ని అద్దెకు తీసుకుని, గోడకు రేకులు కొట్టి, దీపాలు పెట్టి, షూటింగ్ నేర్పే చోటు చేశాడు. అనంతపురం నుంచి కూడా కాలేజీ పిల్లలు వస్తారు. నెల చివరి ఆదివారం వాళ్లలో వాళ్లకే ఒక పోటీ. గెలిచినవాళ్లకు బహుమతి ఒక స్టీలు డబ్బా. దాని కోసం వాళ్లు పడే తంటాలు చూస్తే దేశానికి పతకం తెస్తున్నారేమో అనిపిస్తుంది.

ఒక మధ్యాహ్నం గోడౌను కప్పు ఎక్కడ కారుతోందో చూడ్డానికి లలితమ్మ వెళ్లింది. చూసే పని అయిపోయినా కదలకుండా నిలబడింది. భరత్‌కుమార్ కనిపెట్టాడు.

"ఊరికే చూస్తాంటే ఏముంటాది అక్కా, ఒకసారి పట్టుకో," అని చేతిలో పెట్టాడు.

కుడి చేత్తో ఐదు గుళ్లు కొట్టింది. రెండు అట్టకే తగల్లేదు. పిల్లలు మర్యాదగా పైకి చూశారు. కుడి చేతి చెమట కొంగుకు తుడుచుకుని ఇచ్చేద్దామని ఆమె పిస్టల్‌ను ఎడమ చేతికి మార్చుకుంది. ఆ చేయి దానంతట అదే బారుగా లేచి నిలబడింది. పదిహేడేళ్లుగా పని లేని చేయి పని దొరికినట్టు నిలబడింది. భరత్‌కుమార్ నవ్వు ఆపేశాడు.

"అట్లే ఉండక్కా, కదలొద్దు," అని పక్కకు వచ్చి గొట్టం కొసను చూశాడు. ముప్పై లెక్కపెట్టే దాకా అది ఊగలేదు. "నీది ఎడమ చేతి వాటమా?"

"కాదప్పా. అన్నానికీ రాతకూ కుడి చేయే. తక్కెడకు ఈ చేయి."

"గురి పెట్టేటప్పుడు యాడ చూస్తాండావు, అట్టనా, గొట్టం కొసనుండే ఈ ముల్లునా?"

"ముల్లునే కదా చూసేది," అంది లలితమ్మ, ఇంకెక్కడ చూస్తారన్నట్టు.

భరత్‌కుమార్ పిల్లల వైపు తిరిగి, విన్నారా అన్నట్టు చూశాడు. అట్టను కాదు, ఆ ముల్లునే, అంటే గొట్టం కొసన ఉండే సైటునే చూడాలని పిల్లలకు ఎక్కించడానికి అతనికి ఆరేసి నెలలు పడుతుంది. ఈమెకు అత్తగారు ఎప్పుడో నేర్పేసింది.

అక్కడి నుంచి ఎంపికల గొడవ మొదలైంది. ఈ ఆటలో చేతికి తగిన పిస్టల్ దొరకడం సగం పని. పిడి సరిగా కూర్చోవాలి, చూపుడు వేలి కొస ట్రిగ్గర్ మీద తేలిగ్గా ఆనాలి, మణికట్టు అలసిపోకూడదు. గోడౌనులో ఉన్నవన్నీ కుడి చేతి పిడులు. బొటనవేలికి ఒక గట్టు, అరచేతికి ఒక ఉబ్బు, అన్నీ అటువైపే. వాటిని ఎడమ చేత్తో పట్టుకోవడం కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకున్నట్టే ఉంది. ఎడమ చేతి పిడి కావాలంటే బయటి దేశం నుంచి తెప్పించాలి, నెలలు పడుతుంది.

అందుకని పారలకూ కొడవళ్లకూ పిడులు చేసే పాపన్నను పిలిపించారు. అతను లివరు లాగి గాలి ఎక్కించే పాత పిస్టల్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకు చేయి అచ్చు కావాల," అన్నాడు.

గోధుమపిండి గట్టిగా కలిపి ముద్ద చేసి, లలితమ్మ చేత ఎడమ చేత్తో పిస్టల్ పట్టినట్టే పట్టించాడు. ఆ ముద్ద ఎండాక చూసి, "చిటికెన వేలి కింద గుంత లోతు పడిండాది అమ్మా. అట్లే చేయాల్నా?" అని అడిగాడు.

"నా చేయి ఎట్లుంటే అట్లనే చెయ్యి పాపన్నా. దానికి వంక పెట్టేదేముంది," అంది లలితమ్మ.

పాత టేకు తలుపు చెక్కతో అతను చేసిన పిడి చేతిలో కూర్చుంటే, చేయి ఎక్కడ ఆగి చెక్క ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. పిడి వచ్చాక ఒక పది రోజులు ఆమె చిన్నపిల్లలా ఉంది. అంగట్లో పిస్టల్ కబుర్లు తప్ప వేరే కబుర్లు లేవు. భర్త దివాకర్‌కు, చిల్లర ఇస్తూ కూడా, ట్రిగ్గర్ బరువు గురించి చెప్పేది. పోటీలో ట్రిగ్గర్ మరీ మెత్తగా ఉండకూడదు. అరకిలో రాయిని దానికి తగిలించి ఎత్తి చూస్తారు, రాయి లేస్తే ట్రిగ్గర్ బాగున్నట్టు, మధ్యలో జారి పేలితే పనికిరానట్టు. "అరకిలో రాయి పెట్టి పరీక్ష చేస్తారంట. మన ఆటే అది," అనేది. దివాకర్ తల ఊపి, లెక్క తప్పి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకునేవాడు.

పెల్లెట్ల డబ్బాలు కూడా ఆమే ఏరేది. చదును తల ఉన్న చిన్న సీసపు గుళ్లు అవి. బియ్యంలో రాళ్లు ఏరినంత తేలిగ్గా, అంచు నొక్కుకుపోయిన వాటిని వేళ్లతోనే పట్టి పక్కన పెట్టేది. కాలేజీ పిల్లలు తమ డబ్బాలు కూడా తెచ్చి ఆమె ముందు పెట్టడం మొదలుపెట్టారు.

ఈలోగా భరత్‌కుమార్ హైదరాబాదులో తెలిసిన ఆయన దగ్గర్నుంచి ఇంకో పిస్టల్‌ను రెండు వారాలకు అడిగి తెప్పించాడు. ఇది గాలి సిలిండరుది. లివరు లాగే పని లేదు, ఎదురు తన్నదు, నూనె పూసినట్టు పేలుతుంది. దాని పిడి మటుకు ఏ చేతికీ ప్రత్యేకంగా చేసింది కాదు. రెండు పక్కలా చదును, గుంత లేదు, గట్టు లేదు.

"రెండిటితో కొట్టి చూడక్కా. ఏది నీ చేతికి కలిసొస్తే అది కొనుక్కో. ఇంగొకరి పిస్టల్‌తో ఎన్నాళ్లని ఆడతావు," అన్నాడు.

లలితమ్మ రెండో పిస్టల్‌ను అరచేతిలో పెట్టి కాస్త ఎగరేసింది. "కిలోకు ఇరవై గ్రాములు తక్కువ," అంది. కాటా మీద పెడితే తొమ్మిది వందల డెబ్బై ఎనిమిది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ క్షణాన ఆమెకు తన చేయి మీద ఉన్న ప్రేమ అంతా ఇంతా కాదు.

రెండు వారాలూ రెండిటితో కొట్టింది. ఆమె కొట్టిన గుళ్లు చెల్లాచెదురుగా పోవు, అన్నీ ఒకేచోట రూపాయి బిళ్లంత మేర కలిసికట్టుగా పడతాయి. కాని పడేది నల్ల గుండ్రం నడిమిన కాదు. కింద, కుడి పక్కకు. పాపన్న పిడితో కొట్టినా అక్కడే. చదును పిడితో కొట్టినా అక్కడే.

ఆ శుక్రవారం భరత్‌కుమార్ రెండు పిస్టళ్లనూ తాను తీసుకుని ఐదేసి కొట్టాడు. ఎడమ చేతి పిడితో అతని చేయి ఇబ్బంది పడింది గానీ, చదును పిడితో ఐదూ నడిమిలో పడ్డాయి. అతను అట్టను తీసి తెచ్చి లలితమ్మ అట్ట పక్కన పెట్టాడు.

"తుపాకిలో ఏం లేదక్కా. రెండు వేర్వేరు తుపాకులతో ఒకే చోట పడతాండాయంటే అది చేతిలోనిదే. ఎడమ చేత్తో కొట్టేవాళ్లకు కింద, కుడి పక్కకు పోతాందంటే ఒకటే లెక్క. పేలే టయానికి చిటికెన వేలు బిగిసిపోతాండాది."

అతను మామూలుగా చెప్పాడు. రోజుకు పది మందికి ఇలాంటివి చెబుతాడు. లలితమ్మ మాత్రం తన ఎడమ చేయి ఎత్తి చూసుకుంది. ఇరవై రెండేళ్ల తర్వాత అదే వేలు పేరు, అదే చేతికి.

"బిగించడం లేదే. నాకు తెలీదా నా వేలు," అంది.

"నీకు తెలీదక్కా. అదే కదా దాని గుణం. తెలిసి చేసేదైతే నువ్వే మానుకుంటావు. దానికేం బాధపడొద్దు. ఈ వెనక సైటు మర ఉండాది చూడు, నాలుగు చుట్లు తిప్పితే గుంపంతా నడిమికి వచ్చేస్తాది. ఆదివారం డబ్బా నీదే."

అతను స్క్రూడ్రైవరు చేతికి తీసుకున్నాడు. లలితమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"తిప్పొద్దప్పా."

"యాల?"

"అది పాసంగం," అంది ఆమె. భరత్‌కుమార్‌కు అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. తక్కెడ ఒక పక్కకు వంగుతుంటే, రెండో పక్క పళ్లేనికి చింతగింజో సీసం ముక్కో కట్టి సమానం చేసేస్తారు. చూడ్డానికి ముల్లు నిటారుగా ఉంటుంది. వంకర తక్కెడలోనే ఉంటుంది. "వంకర ఉంటే నాకు కనపడాల. దాచి పెట్టుకునేదానికైతే ఈ ఆట యాలకి."

ఇంటికి నడిచి వచ్చింది. దారిలో ఎవరో పలకరించారు, ఏం బదులిచ్చిందో ఆమెకు గుర్తు లేదు. ఒకటే ఆలోచన. పిస్టల్ మీద వేలు బిగిస్తే ఓ గుండు పక్కకు పోతుంది, అంతే. కాని ఆ వేలు కొత్తగా బిగియడం నేర్చుకుందా, మొదటి నుంచీ బిగుస్తోందా? మొదటి నుంచీ బిగుస్తుంటే, ఆ రోజు పదిమంది ముందు ఆమె చేసింది అబద్ధపు ప్రమాణం. రూతు చెప్పింది నిజం.

మనిషికి ఇలాంటప్పుడు సాకులు కుప్పలుగా దొరుకుతాయి. ఆమెకూ దొరికాయి. పిస్టల్ వేరు, తక్కెడ వేరు. వయసు మీద పడింది. భరత్‌కుమార్ సిపాయి, కోమటి చేయి గురించి అతనికేం తెలుసు. ఒక్కో సాకునూ పైకి తీసి చూసి పక్కన పెట్టింది, నొక్కుకుపోయిన గుళ్లను పెట్టినట్టు. ఇంట్లోకి వచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు.

మధ్యాహ్నం అంగట్లో ఎవరూ ఉండని వేళ స్టూలు వేసుకుని అటక మీది తక్కెడ దింపింది. దివాకర్ ముక్కున వేలేసుకున్నాడు.

"ఇప్పుడెందుకే అది?"

"మీరు ఆపక్క నిలబడండి. కందిబేడలు అరకిలో అడగండి. నేను తూస్తా. తూసింది కరెంటు కాటా మీద పెట్టి అంకె చెప్పండి."

విషయం తెలిసి దివాకర్ ముఖం ముడుచుకున్నాడు. మెత్తని మనిషి, గొడవలంటే పడదు. "అయిపోయిన కథ అది. ఆమె మర్చిపోయింటాది, ఊరు మర్చిపోయింది. నువ్వు తవ్వుకుని ఏం చేస్తావు?" అన్నాడు.

"మీరు అడగండి," అంది లలితమ్మ.

మొదటి రెండు సార్లూ కచ్చితంగా ఐదు వందలే పడ్డాయి. దివాకర్ ఊపిరి పీల్చుకున్నాడు. లలితమ్మ తృప్తి పడలేదు. వేలి మీదే ధ్యాస పెట్టి తూస్తే సరిగా రాక ఏమవుతుంది. అంగట్లో ఎవరైనా అలా తూస్తారా? చేతులు తూస్తుంటాయి, నోరు మాట్లాడుతుంటుంది.

"ఊరికే అడిగి ఊరుకుంటే ఎట్ల, గిరాకీ మాదిరి మాట్లాడండి. నూనె రేటు అడగండి, పెండ్లికి పోయినారా అని అడగండి."

దివాకర్ మాట్లాడాడు. మొదట బలవంతంగా మాట్లాడాడు గానీ, అల్లుడి ఊళ్లో చెరుకు బండి బోల్తా పడిన కథలోకి దిగాక నిజంగానే మాట్లాడాడు. ఆమె నవ్వుతూ తూసింది. మూడోసారి కాటా నాలుగు వందల ఎనభై ఒకటి చూపింది. నాలుగోసారి నాలుగు వందల డెబ్బై ఆరు. ఐదోసారి దివాకర్ మాటల మధ్యలో ఆగి, ఆమె చేయి వైపు చూశాడు. ఆమె తల వంచి చూసింది. తాడు పట్టుకున్న పిడికిలి కింద, చిటికెన వేలు వంగి, సరుకు పళ్లెం వైపు కాడ మీద తీరిగ్గా పడుకుని ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో కదిరమ్మ తన వేలు పట్టి అక్కడ పెట్టిన సంగతి. ముల్లు ఊగుతూ ఉంటే గిరాకీకి ఓపిక ఉండదు, చిటికెన వేలితో కాస్త ఆనించి ఊపు ఆపు, అని అత్త చెప్పింది. ఊపు ఆపడం పనితనం అనుకుంది లలితమ్మ. ఆపేటప్పుడు వేలు ఏ పక్కన ఆనుతోందో, ఎంత సేపు ఆనుతోందో ఒక్కనాడూ చూసుకోలేదు. కళ్లు ముల్లు మీదే ఉండాలి కదా. కదిరమ్మకు తెలిసే నేర్పిందా, తెలియక నేర్పిందా అనేది ఇప్పుడు అడగడానికి ఆ తల్లి లేదు. ఉన్నా లలితమ్మ అడిగేది కాదేమో. ప్రమాణం చేసింది అత్త కాదు.

తక్కెడను గల్లా మీద పెట్టి ఆమె స్టూలు మీద కూర్చుంది. ఏడవలేదు. ఇరవై ఏళ్లలో ఆ అంగడికి వచ్చిపోయిన ముఖాలు ఒక్కొక్కటే కనబడ్డాయి. వాళ్లందరినీ ఇప్పుడు ఎక్కడ వెతకాలి? కొందరి పేర్లు కూడా తెలియవు. కాని ఒకరి పేరు తెలుసు. ఒకరు నోరు తెరిచి చెప్పారు, చెప్పినందుకు చేతులు జోడించారు.

ఆదివారం పొద్దున పోటీ. లలితమ్మ తొమ్మిదింటికే గోడౌనుకు వెళ్లింది. పిల్లలు చదును అడుగు బూట్లు బిగించుకుంటూ, ఒక కంటికి అడ్డంగా అట్టలు తగిలించుకుంటూ సందడిగా ఉన్నారు. భరత్‌కుమార్ ఆమె కోసం రెండు పిస్టళ్లూ బల్ల మీద పెట్టి ఉంచాడు.

"తేల్చుకున్నావా అక్కా? ఏది ఉంచుకుంటావు?"

"ఈ సిలిండరుది ఉంచు. చదును పిడిది."

అతను ఆశ్చర్యపోయాడు. పాపన్న పిడి ఆమె చేతిలో ఎంత బాగా కూర్చుంటుందో అతనికి తెలుసు. "అది నీ చేతికే చేసింది కదక్కా?"

"అందుకే వద్దు. అది నా వేలు ఎట్ల చెప్తే అట్ల ఇంటాది. ఇది ఇనదు," అంది. "సైటు మర అట్లే ఉండనీ. నా గుళ్లు నడిమికి వచ్చేది నా వేలు మారినప్పుడే రానీ."

"సరే, రా, మొదటి వరసలో నీ పేరుంది."

"నా పేరు కొట్టెయ్ ఈ పొద్దు. పనుంది," అని ఆమె బయటికి నడిచింది.

రూతు ఇల్లు ఊరి చివరి కాలనీలో. ఎండ అప్పటికే మండుతోంది. చర్చి నుంచి వచ్చిన రూతు తెల్ల చీర మార్చుకోకుండానే గడప పక్క నీడలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూతురు లహరి. అనంతపురంలో నర్సు పని చేసే అమ్మాయి, సెలవుకి వచ్చింది. లలితమ్మను చూసి రూతు లేవలేదు. చేతులు కూడా ఆగలేదు.

"ఏం సెట్టెమ్మా, ఇట్ల వచ్చినావు?"

లలితమ్మ దారి పొడుగునా మాటలు కూర్చుకుని వచ్చింది. అవన్నీ పక్కన పెట్టేసింది. నిలబడే చెప్పింది.

"నువ్వు చెప్పింది నిజం రూతూ. నా వేలు కాడ మీద పడతాండేది. నాకు తెలీలే. మొన్న తూసి చూసుకున్నా. నేను చేసింది అబద్ధం ప్రమాణం."

రూతు ఒక గింజ తీసి పక్కన వేసింది. ఇంకోటి తీసింది.

"నాకు తెలుసు కదా," అంది. "చూసే చెప్పినా. నీకు తెలిసేదానికి ఇన్నేండ్లు పట్టింది."

"నీకేం చేయాలో చెప్పు. బజారులో పదిమందిని పిలిచి చెప్పమన్నా చెప్తా. ఆ పొద్దు ఎంతమంది ముందర అన్నానో అంతమంది ముందర చెప్తా."

"ఆ పొద్దుండినోళ్లు సగం మంది లేరు సెట్టెమ్మా, పోయినారు." రూతు గొంతులో కోపం లేదు, అదే లలితమ్మకు భరించరానిదిగా ఉంది. "నాకు బేడలు తక్కువైనాయని బాధ లేదు. కూలోళ్లం, తక్కువకు అలవాటు పడినోళ్లమే. మా అమ్మ ఉండింది కదా, ఆ పొద్దు ఇంటికి వస్తే నన్ను కొట్టింది. సెట్టెమ్మ తక్కెడ మీద చేయేసి చెప్పింది, ఆమె యాల అబద్ధం చెప్తాది, నువ్వే చెప్పింటావు అని. నాలుగేండ్ల కింద పోయింది. పోయేంత వరకు నేను ఏం చెప్పినా, రూతు మాట కదా, సగం తీసెయ్యండి అనేది. నవ్వతా అనేది. కానీ అనేది."

చచ్చిపోయిన మనిషికి ఎవరు వెళ్లి చెబుతారు? లలితమ్మ ఎడమ చేయి ఆమెకు తెలియకుండానే చీర కొంగులోకి పోయింది. అక్కడే నిలబడింది, కూర్చోమని ఎవరూ అనలేదు.

లహరి తలెత్తి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. "ఏ ప్రమాణం? ఏందిమ్మా?" అంది.

రూతు చేతులు ఆగాయి. కూతురి వైపు చూసింది, తర్వాత మొదటిసారిగా లలితమ్మ ముఖంలోకి నేరుగా చూసింది.

"దీనికి అప్పుడు ఐదేండ్లు. వాళ్లవ్వ నోట ఇనే పెరిగింది, మీయమ్మ అబద్ధాలకోరు అని. నేను ఎన్నడూ ఎదురు చెప్పలే. నేను చెప్తే ఎవరు నమ్ముతారు?" పక్కన ఉన్న పీటను కాలితో ముందుకు జరిపింది. "నువ్వు చెప్పు సెట్టెమ్మా. మొదట్నించి చెప్పు. నీ మాట నమ్ముతారు కదా అందరూ."

లలితమ్మ పీట మీద కూర్చుంది. మోకాళ్లు నొప్పి పెట్టాయి. ఎదురుగా తన కూతురి వయసున్న అమ్మాయి, చేతులు చింతపండుతో జిగటగా, వినడానికి సిద్ధంగా ఉంది.

"మీయమ్మ అబద్ధం చెప్పలేదు తల్లీ," అని ఆమె మొదలుపెట్టింది. "అబద్ధం చెప్పింది నేను."